కొత్త అరుగు మీద భోజనం

ఆ ఉదయం ఆకాశంలోంచి దుమ్ము కురుస్తోంది. గాలి లేదు, చప్పుడు లేదు. పైనెవరో జల్లెడ పట్టుకుని కూర్చుని పిండి జల్లిస్తున్నట్టు మెత్తగా దిగుతోంది. సూర్యుడు ఏ పక్కనున్నాడో తెలియడం లేదు. కోక్‌తెరెక్ ఊరి పోప్లార్ చెట్లకు మొదళ్ళే ఉన్నాయి, కొమ్మలు లేవు.

బుమెర్యెం ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడుస్తోంది.

"చాల్లేవే. పైనుంచి పడేదాన్ని చీపురుతో ఆపుతావా?" అంది అత్త ఐషెంఖాన్, గడపలో నిలబడి.

కోడలు తల ఎత్తలేదు. చీపురు చప్పుడు మాత్రం పెరిగింది.

"ఏమయ్యా! నీ కోడలికి చెవుడొచ్చినట్టుంది. నిన్నటినుంచి నా మాట వినబడ్డం లేదు."

లోపల ఐషెంఖాన్ భర్త మెత్నియాజ్ మోకాళ్ళ మీద కూర్చుని, గడ్డి కలిపిన మట్టితో అరుగు అంచు మెత్తుతున్నాడు. తడి అరచేత్తో అంచును ఒకసారి నిమిరి, "పొయ్యిలో నాలుగు పుల్లలు వెయ్యండి. ఇది ఆరాలి," అన్నాడు, గోడతో అన్నట్టు.

"ఆరితే ఏంటి, ఆరకపోతే ఏంటి మామా?" బుమెర్యెం చీపురు విసిరి మూలన కొట్టింది. "వచ్చేవాళ్ళు వస్తారు, చూసేవాళ్ళు చూస్తారు. తెగిపోయిన ఫోను మళ్ళీ వస్తుందా?"

అత్తను చూడకుండానే ఆమెను దాటుకుని లోపలికి పోయింది.

ఐషెంఖాన్ గడపలోనే నిలబడిపోయింది. తలగుడ్డ మీద సన్నగా దుమ్ము పేరుకుంటోంది. దులుపుకోలేదు.

ఆ ఇల్లు ఆ ఫోను కోసం ఏళ్ళ తరబడి కాచుకుంది. కొడుకు ఒబుల్‌ను సర్కారువాళ్ళు చదువుకని తీసుకెళ్ళేనాటికి బుమెర్యెంతో పెళ్ళై ఏడాది నిండలేదు. ఆ చదువు ఎక్కడో, ఎన్నాళ్ళో చెప్పినవాళ్ళు లేరు. ఊళ్ళో అడిగినా అందరిదీ ఒకటే మాట, "చదువుకుంటున్నాడు" అని. గొర్రెల కాపరీ చదువుకుంటున్నాడు, మనవల్నెత్తిన ముసలాయనా చదువుకుంటున్నాడు.

మొన్న చలికాలంలో రాజధాని ఉరుంచిలో పార్టీ పెద్ద కార్యదర్శి మారాడు. ఆ మాట కోక్‌తెరెక్‌కు సంతలో నుంచి, గొంతులు తగ్గించి మాట్లాడుకునే మనుషుల్లో నుంచి వచ్చింది. చలి కాస్త విరిగిందట, అనుకున్నారు. ఎవరూ చలి గురించి మాట్లాడుకోవడం లేదని అందరికీ తెలుసు. తర్వాత ఒక ఇంటికీ మరో ఇంటికీ ఫోన్లు రావడం మొదలైంది. నిన్న వీళ్ళ వంతు వచ్చింది.

గ్రామ కార్యాలయంలో బల్ల మీద ఫోను నిలబెట్టారు. తెర మీదికి ఒబుల్ వచ్చాడు. గుండు చేసిన తల, లోపలికి పోయిన చెంపలు, వెనక తెల్లగోడ. ముందు తల్లి మాట్లాడింది. తిన్నావా అంది. తిన్నానన్నాడు. తండ్రి ముందుకు వంగి, "మన నల్లగొర్రెని అమ్మలేదురా," అన్నాడు. ఆయనకు తోచింది అదే.

తర్వాత బుమెర్యెం. ఆమె కుర్చీలోంచి లేచి బల్ల దాకా నడిచేలోగా, ఇక తన మాట అయిపోయిందనుకున్న ఐషెంఖాన్ రెండు చేతులూ ఎత్తి, అరచేతులు ముఖం మీదుగా దించింది. కొడుక్కి దీవెన, దువా. ప్రతి భోజనం చివరా, ప్రతి వీడ్కోలు చివరా పుట్టినప్పటినుంచీ చేస్తున్న పని. ఇప్పుడు సర్కారు చెయ్యకూడదన్న పని.

తెర నల్లబడింది.

బుమెర్యెం చేతికి వేడెక్కిన ఫోను మాత్రం అందింది. అతనితో చెప్పడానికి ఆమె ఒకే ఒక్క మాట దాచుకుంది. ఎవరు విన్నా తప్పు పట్టలేని మాట కోసం వెతికి వెతికి ఎంచుకుంది. నువ్వు అంటుకట్టిన ఖుబానీ ఈ ఏడు పూసింది. అంతే. చెట్టు పూస్తే ఎవరికి అభ్యంతరం?

ఇప్పుడా మాట ఆమె దగ్గరే ఉండిపోయింది.

వాకిట్లో బ్యాటరీ బండి ఆగిన చప్పుడైంది.

"ఈ దుమ్ము దుంప తెగ! దీని వంశం ఆరిపోను!" అంటూ లూవో లోపలికి వచ్చింది, ముఖానికున్న గుడ్డ విప్పుకుంటూ.

లూవో ఆ ఇంటికి సర్కారు ఇచ్చిన బంధువు. హాన్ చైనీయురాలు, ఎక్కడో తూర్పున వానలు పడే ఊరు. నెలకు కొన్నాళ్ళు వచ్చి ఈ ఇంట్లోనే పడుకునేది, ఈ ఇంట్లోనే తినేది, చూసింది పైవాళ్ళ కోసం రాసుకునేది. ఈ ఊరి భాష ఆమె ఐషెంఖాన్ దగ్గరే నేర్చుకుంది. అందుకని తిట్లన్నీ ముసలమ్మల తిట్లే. మొదట్లో ఆమె నోరు విప్పితే ఊరి ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వేవాళ్ళు.

ఇవాళ ఎవరూ నవ్వలేదు.

"అరుగు అయిందా?" లూవో వంగి చూసింది. "బాగుంది మామా. పాతదానికంటే బాగుంది."

మెత్నియాజ్ చేతులు బకెట్లో కడుక్కున్నాడు. "పాతది నువ్వు చూడలేదుగా. నువ్వొచ్చేసరికే కూలగొట్టేశాం."

పాత అరుగు సగం ఇల్లంత ఉండేది, తినడం, పడుకోవడం అంతా దాని మీదే. మెత్నియాజ్ దాని మీదే పుట్టాడు, ఒబుల్ దాని మీదే పుట్టాడు. అప్పటి పెద్ద కార్యదర్శి కాలంలో, అరుగులు వెనకబడినతనం, కూల్చి సోఫాలు వేసుకోండని ఆజ్ఞ వచ్చింది. మెత్నియాజ్ తన గునపంతో తనే కూల్చాడు. ఎర్ర సోఫా ఒకటి వచ్చింది. ఆయన దాని మీద ఎన్నడూ కూర్చోలేదు. దాని కింద కోడి గుడ్లు పెట్టేది. ఇప్పుడు కొత్తాయన వచ్చాక, దూరం నుంచి చూడ్డానికి వచ్చే అతిథులు పాతకాలపు ఇల్లు కావాలంటున్నారు, అరుగులు కట్టండని వచ్చింది.

"మరి సోఫా ఏం చెయ్యమంటారు?" మెత్నియాజ్ అడిగాడు.

"తీసెయ్యండి."

"తియ్యను. కొట్టంలో పెడతా. ఈ కొత్తాయన మాత్రం మారకుండా ఉంటాడా?"

లూవో పెదవి చివర కదిలింది. అంతలోనే సర్దుకుంది. "ఆ మాట నేను వినలేదు మామా. మళ్ళీ అనకు. ఇక నేను ఉండను."

బుమెర్యెం వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"నాకు బదిలీ అయింది. మా ఊరు వెళ్ళిపోతున్నా. నా చోటికి షీర్జాత్ అనే అతను వస్తాడు. ఇవాళ మధ్యాహ్నం ఇక్కడే భోజనం. అరుగు చూస్తాడు, వంట చూస్తాడు, మిమ్మల్ని చూస్తాడు."

"షీర్జాత్ అంటే," ఐషెంఖాన్ మొదటిసారి నోరు తెరిచింది, "మనవాడేనా?"

"మీవాడే. కూచా ఊరివాడు. ఉరుంచిలో చదువుకున్నాడు. మంచి చదువే," అంది లూవో త్వరగా. "కాలేజీ చదువు."

ఆ మాటకు ఇంట్లో ఎవరి ముఖమూ వికసించలేదు. మెత్నియాజ్ తడి చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"మనవాడైతే..." అని ఆగిపోయాడు.

"నేను కొన్ని చూసీ చూడలేదని రాసేదాన్ని," అంది లూవో. గొంతు తగ్గింది. "నన్నెవరూ అడగరు, నేను హాన్‌ని. అతను అలా రాయలేడు. అతను మీవాడు కదా, అతని మీద ఇంకొకడి కన్ను ఉంటుంది."

పొయ్యిలో పుల్ల చిటపటమంది.

"నిన్న ఫోను అవతలివాళ్ళే కోసేశారు. ఇల్లు మంచిదని ఇవాళ షీర్జాత్ ఒక్క మాట రాస్తే, ఇంకో ఫోను అడుగుతాను. వెళ్ళేలోగా అడుగుతాను. ఈసారి ముందు బుమెర్యెం మాట్లాడుతుంది."

బుమెర్యెం గుమ్మం పట్టుకుంది.

"అమ్మా," లూవో ఐషెంఖాన్ ఎదురుగా వచ్చి నిలబడింది. ఆ పని పేరు ఆమెకు తెలుసు, కాని ఆ పేరు పలకలేదు. తన రెండు చేతులూ చాచి, మెల్లగా దించి, తొడల మీద ఆనించింది. "తిన్నాక ఇలా. చాలు. ఇలా ఉంచితే చాలు."

ముసలామె ఆ చేతుల వంక చూసింది. "నాలుగేళ్ళు నా చేతి రొట్టె తిన్నావు. నువ్విప్పుడు నాకు చేతులు పెట్టుకోడం నేర్పుతున్నావా అమ్మాయ్?"

లూవో ముఖం ఎర్రబడింది. గుడ్డ మళ్ళీ ముఖానికి చుట్టుకుంది. గడప దాటేటప్పుడు ఆగి, వెనక్కి తిరగకుండా అంది. "మా అమ్మ చేతి వంట మర్చిపోయాను నేను. నీ చేతి వంటే గుర్తుంది. ఏం చెయ్యను?"

బండి వెళ్ళిపోయింది.

వంటగదిలో బుమెర్యెం కారెట్లు తరుగుతోంది. కత్తి, అన్ని ఇళ్ళలోలాగే సర్కారు ఆజ్ఞ మీద, గోడకు గొలుసుతో కట్టి ఉంది. తరిగినప్పుడల్లా గొలుసు గలగలమంటోంది. ఐషెంఖాన్ వచ్చి ఎదురుగా పీట వేసుకుని ఉల్లిపాయల పొట్టు తీయడం మొదలుపెట్టింది.

చివరికి బుమెర్యెమే మాట్లాడింది. నిన్నటి తర్వాత అత్తతో మొదటి మాట.

"ఒక్క పూట. ఒక్క పూట నీ చేతులు దించి ఉంచలేవా అత్తమ్మా?"

"ఉంచాలనే అనుకుంటా."

"అనుకుంటే కాదు!"

"నా చేతులు నా మాట వింటే కదే. నువ్వు తుమ్ము ఆపుకోగలవా?"

"నిన్నా ఇదే మాటన్నావు. నీకేం, నువ్వు మాట్లాడావు. తిన్నావా అన్నావు, తిన్నానన్నాడు. నీ ముఖం చూశాడు. నా ముఖం చూడలేదు." గొలుసు బిగిసింది. కత్తి ఆగిపోయింది. "నేను లేస్తున్నప్పుడు అతని గడ్డం కనిపించింది నాకు. గడ్డం ఒక్కటే. కళ్ళు ఎట్టా ఉన్నాయో తెలీదు. ఐదో వసంతం ఇది అత్తమ్మా. గొంతు ఎట్టా ఉంటుందో మర్చిపోకుండా ఉండడానికి నేనేం చేస్తున్నానో నీకు తెలుసా? కొట్టంలోకి పోయి అతనిలా దగ్గుతాను. అతను గొర్రెల్ని పిలిచినట్టు పిలుస్తాను. అవి తలెత్తి చూస్తాయి. అవి చూస్తే నాకు గుర్తుందని అర్థం. పోయినేడు చూసేవి. ఈ ఏడు చూడ్డం లేదు."

ఐషెంఖాన్ ఉల్లిపాయ కింద పెట్టింది.

"నీకు చేతులే ముఖ్యం. కొడుకు కాదు," అంది బుమెర్యెం.

ముసలామె ఏడవలేదు, తిట్టలేదు. లేచి వంటగది తలుపు మూసి వచ్చింది. పీట దగ్గరగా జరుపుకుంది. కోడలి చెవి దగ్గరికి వంగింది.

"నేనెత్తానని కోయలేదే."

"ఏంటి?"

"నేనెత్తినప్పుడు ఎవరూ కదల్లేదు. లూవో చూసి తల తిప్పుకుంది. ఆ ఆఫీసాయన ఫోనులో ఏదో నొక్కుకుంటున్నాడు. నేను ముఖం మీదికి దించుకున్నా." ఆమె గొంతు దారంలా సన్నబడింది. "నా వేళ్ళ సందులోంచి తెర కనిపిస్తోంది. వాడెత్తాడు."

బుమెర్యెంకు మొదట అర్థం కాలేదు.

"నన్ను చూసి వాడి చేతులు లేచాయి. చిన్నప్పటినుంచి అంతే కదే. నేనెత్తితే వాడెత్తుతాడు. పాలు తాగే రోజుల్లోనే నేర్పాను. తెలిసి చేశాడనుకోను. గుండె దాకా లేచాయి. అప్పుడు పోయింది తెర."

గోడకు కత్తి గొలుసు ఒకసారి ఊగి ఆగింది.

"మామకి చెప్పావా?"

"చెప్తే ఏం చేస్తాడు? మట్టి తొక్కుతాడు."

"అంటే... అక్కడ... తర్వాత అతన్ని..."

"నాకు తెలీదు," అంది ఐషెంఖాన్. "నిన్నటినుంచి అదే. నాకు తెలీదు. నువ్వు నా మీద కోపంగా ఉంటే హాయిగా ఉందే నాకు. తిట్టు. ఇంకా తిట్టు. ఆ సంగతి ఆలోచించక్కర్లేదు."

బుమెర్యెం తరిగిన కారెట్లను చూస్తూ ఉండిపోయింది. పొద్దుటినుంచి ఫోను అంటే ఖుబానీ పూసిందని చెప్పడం ఆమెకు. ఇప్పుడు అది కాదు. ఇంకో ఫోను వస్తే అతను ఉన్నట్టు. రాకపోతే...

ఉల్లిపాయల గిన్నె తన వైపు లాక్కుంది. కళ్ళు తుడుచుకోవడానికి అంతకంటే మంచి సాకు లేదు.

"చేతిలో ఏదో ఒకటి పట్టుకో అత్తమ్మా," అంది కాసేపటికి, మామూలు గొంతుతో. "టీ గిన్నె పట్టుకుని కూర్చో. చేతులు ఖాళీగా ఉంచకు."

"అట్టాగేలే," అంది ముసలామె.

మధ్యాహ్నానికి దుమ్ము ఇంకా చిక్కబడింది. ఇంట్లో దీపం వేశారు.

షీర్జాత్ పాతికేళ్ళవాడు. నల్లకోటు, నున్నగా గీసిన గడ్డం, చేతిలో ఫోను. లూవో వెనకే వచ్చాడు. బూట్లు విప్పి జత చేసి గోడకు పెట్టాడు. ఎవరూ చెప్పలేదు.

"పైకి రండి, పైకి," అన్నాడు మెత్నియాజ్, అరుగు మీద గోడవారనున్న గౌరవపు చోటు చూపిస్తూ.

"అయ్యో, మీరుండగా నేనా? ఇక్కడ చాలు పెద్దయ్యా."

"అక్కడ దారి. పైకి రావయ్యా."

"చాలు, చాలు, ఇక్కడే బాగుంది." చెయ్యి గుండె మీద పెట్టి వంగాడు. పెట్టిన చేతిని చూసుకుని తీసేశాడు.

మూడుసార్లు రమ్మన్నాక గాని కదల్లేదు. పెద్దవాళ్ళింట్లో ఎలా ఉండాలో అతని ఒంటికి తెలుసు. లూవో మాత్రం పిలవకముందే ఎక్కి తన చోట కూర్చుంది.

బుమెర్యెం కూజా, పళ్ళెం తెచ్చింది. షీర్జాత్ చేతుల మీద నీళ్ళు పోసింది. అతను తడి చేతులు విదల్చలేదు. తువాలు అందేదాకా అలాగే పట్టుకున్నాడు. చేతులు విదిలిస్తే ఇంటికి కీడని పిల్లలకు చెప్పే మాట అది. ఐషెంఖాన్ అది చూసింది. ఆమె ముఖంలో ఏదో మెత్తబడింది.

"మీ అమ్మ బాగుందా బాబూ?"

షీర్జాత్ తువాలు మడతపెట్టాడు. "బాగుందమ్మా."

"వెళ్తుంటావా?"

"ఫోను చేస్తుంటాను."

"ఎన్నాళ్ళైంది చూసి?"

అతను లూవో వైపు చూశాడు. "పని ఎక్కువమ్మా," అన్నాడు. అక్కడితో ఆ మాట తెగిపోయింది.

కొత్త అరుగు అంచు ఇంకా చల్లగా ఉంది. బుమెర్యెం పెద్ద పళ్ళెం పట్టుకుని దాని మీదికి కాలు వేసింది. ఎత్తు అదే. మామ కొలవకుండా కట్టాడు, అయినా అదే ఎత్తు. కాలు దానంతటదే తెలుసుకుంది. ఒకప్పుడు ఆమె ఇలా ఎక్కుతుంటే కిటికీ పక్కనుంచి ఒక చెయ్యి సాగి పళ్ళెం అందుకునేది. ఇప్పుడు కిటికీ పక్కన లూవో బ్యాగు ఉంది.

ఆమె వంగి పళ్ళెం మధ్యలో పెట్టింది.

పోలో అన్నం పొగలు కక్కుతోంది. బియ్యం మెతుకు మెతుకూ విడివిడిగా, కారెట్లు పసుపుగా, మధ్యలో గొర్రెమాంసం. తినేముందు దేవుడి పేరుతో అనే మాట ఎవరూ పైకి అనలేదు. మెత్నియాజ్ పెదవులు కొంచెం కదిలాయి. అది దగ్గు కూడా కావచ్చు. షీర్జాత్ తల వంచుకుని ఉన్నాడు.

తినడం మొదలైంది. లూవో చెంచాతో తింటోంది, మిగతావాళ్ళు చేత్తో.

నమలడం, పొయ్యి చప్పుడు, బయట లౌడ్‌స్పీకర్‌లో ఎవరికీ పట్టని పాట. ఐషెంఖాన్ మాంసం ముక్క తీసి షీర్జాత్ ముందుకు నెట్టింది. అతను ఒక సగం తిరిగి ఆమె ముందుకు నెట్టాడు. మెత్నియాజ్ ఎముక చీకుతున్నాడు. బుమెర్యెం అందరి గిన్నెల్లో టీ పోస్తోంది, అత్త చేతులు చూస్తోంది.

పళ్ళెం అడుగు కనిపించడం మొదలుపెట్టింది.

లూవో చెంచా కింద పెట్టింది. నోరు తుడుచుకుంది. రెండు చేతులూ తొడల మీద ఆనించి, ఐషెంఖాన్ వంక చూసి, కదలకుండా కూర్చుంది.

ఐషెంఖాన్ ఒక్క మెతుకు తీసుకుంది. నోట్లో పెట్టుకుంది. నమిలింది, నమిలింది. ఇంకో మెతుకు తీసుకుంది.

మెత్నియాజ్ ఎముక మీద ఏమీ లేదు. అయినా వదల్లేదు.

బుమెర్యెం షీర్జాత్ వైపు చూసింది. అతని ముందు అన్నం లేదు. చెయ్యి రొట్టె మీదికి పోయింది. ముక్క తుంచాడు, ఆ ముక్కను మళ్ళీ తుంచాడు, దాన్ని మళ్ళీ. గోరంత చేసి ఒక్కొక్కటీ నోట్లో వేసుకుంటున్నాడు. ఎడమచెయ్యి తొడ కింద పెట్టి, దాని మీద బరువు వేసి కూర్చున్నాడు. నుదురు చెమటపట్టింది.

అతనికి ఆకలి లేదు. ఆకలి ఆ అరుగు మీద ఎవరికీ లేదు. తినడం అయిపోయిందని ఎవరు ముందు ఒప్పుకుంటారో వాళ్ళ చేతులు ఖాళీ అవుతాయి, ఖాళీ అయితే పైకి లేస్తాయి.

బుమెర్యెం లేచింది. వంటగదిలోకి పోయి, బాణలి అడుగున అంటుకున్న మాడు అన్నం గరిటెతో గీకింది. ఉన్నదంతా గీకింది. తెచ్చి, ఎవరినీ అడక్కుండా, పళ్ళెం మధ్యలో కుప్ప పోసింది. తన చోట కూర్చుంది.

నాలుగు చేతులు ఒకేసారి పళ్ళెంలోకి దిగాయి.

లూవో చూస్తూనే ఉంది. మిగతా నలుగురూ తింటున్నారు.